ఉద్దానంలో హెచ్‌ఐవీ మాత్ర: కిడ్నీ లెక్క విడిగా తీయాలి

సంపాదకుడు గారికి,

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి సర్వేలు జరుగుతున్నాయి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ల లెక్క విడిగా, వాళ్లనే కలుపుకొని, ఆ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలోనే తీయాలని మా మనవి.

కారణం మాత్రలోనే ఉంది. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ అనే ఒకే మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. మంచి మందు. ఈ ఉత్తరం చదివి ఎవరూ మానేయకూడదు. అయితే టెనోఫోవిర్ కొద్దిమందిలో కిడ్నీలోని సన్నటి నాళికలను దెబ్బతీస్తుంది. ఉద్దానం జబ్బు పట్టేదీ ఎక్కువగా అక్కడే. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు కనుక స్ట్రిప్ ముంచి చూస్తే దొరకదు.

డోలుటెగ్రావిర్‌ది ఇంకో తికమక. మొదలుపెట్టిన కొద్ది వారాల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపే వ్యర్థం, కిడ్నీ పనితీరు అంచనాకు చూసే అంకె) 0.1, 0.2 పెరుగుతుంది. కిడ్నీ బాగానే ఉంటుంది, క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని మందు అడ్డుకుంటుందంతే. కవిటిలోనో కంచిలిలోనో ఆ అంకె చూస్తే ఇంటిల్లిపాదీ హడలిపోరా? కిడ్నీ పనితీరు చూసే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సికి ఈ గొడవ లేదు, అనుమానం ఉన్నవాళ్లకైనా అది చేయించాలి.

పలాస జీడి బట్టీలో పనిచేసే 50 ఏళ్ల ఆమె, బరువు 40 కిలోలు, క్రియాటినిన్ 1.0 అనుకుందాం. రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించండి, 3600. దాన్ని 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగిస్తే 50. ఆడమనిషి కనుక 0.85తో గుణిస్తే 42.5. కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతుందో చెప్పే అంచనా ఇది. ఈ లెక్క 50 కన్నా తగ్గితే టెనోఫోవిర్ బదులు వేరే మందు చూడాలి. కార్డులో బరువు గడి ఖాళీగా వదిలేస్తే ఇదేమీ తెలియదు. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ సంగతి కూడా అడిగి రాసుకోవాలి, టెనోఫోవిర్‌తో అది కిడ్నీకి మరింత చేటు.

రోగులుండే చోటే పరిశోధన చేయడం కొత్తేమీ కాదు. ఎయిడ్స్ రోగులకు న్యుమోనియా రాకుండా పెంటమిడిన్ అనే మందును ఆవిరిగా పీల్పించే పద్ధతికి 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ డాక్టర్లు తమ దగ్గరికొచ్చే రోగులతో చేసిన పరీక్షల వల్లనే. నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాముల మోతాదు అలా తేలిందే.

ఇక్కడైతే మాత్ర మొదలుపెట్టకముందు ఒక రక్తపరీక్ష, తర్వాత ప్రతిసారీ అదే ల్యాబ్‌లో. ల్యాబ్ మారితే పద్ధతి మారి అంకె మారుతుంది. ముందురోజు మాంసం తిన్నా పెరుగుతుంది. తేడా కనిపిస్తే మూడు నెలల తర్వాత మళ్లీ చూడందే కిడ్నీ జబ్బని రాయకూడదు. గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు పోయే మత్స్యకారులు నెలల తరబడి ఊళ్లో ఉండరు. వాళ్లు ఇల్లు చేరే రోజులను బట్టి తేదీలు పెట్టకపోతే సగం కాగితాలు ఖాళీగా మిగులుతాయి.

హెచ్‌ఐవీ బృందమంటూ విడిగా వీధిలోకి రావద్దు. ఉద్దానంలో కిడ్నీ పరీక్షకు గడప తొక్కితే ఎవరూ వింతగా చూడరు, రక్తం ఆ పేరుతోనే తీయవచ్చు. అయితే ఆ రక్తం ఎందుకో ఆ మనిషికి మాత్రం ముందే, ఏఆర్‌టీ సెంటర్ గదిలో, తెలుగులో చెప్పి ఒప్పించాలి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేని పరిశోధన కుదరదు. సీసా మీద పేరు వద్దు, నంబరు చాలు. ఆ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం సెంటర్ బీరువా దాటకూడదు.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, సోంపేట, శ్రీకాకుళం జిల్లా