వయసైపోయిందనుకునే ముందు చిగుళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు కూనల పెంపకం చుట్టూనే తిరుగుతాయి. టీకాలు ఎప్పుడు వేయించాలి, ఏం పెట్టాలి, బయటికి వెళ్లడం ఎలా అలవాటు చేయాలి, ఇవే. పదేళ్లు ఇంట్లో మనిషిలా బతికిన కుక్క ఒక పొద్దున లేవలేక కూలబడితే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం. పశువైద్య వృత్తిలో ఉన్నవాళ్లం తరచూ వినే మాట ఒకటుంది: ‘నిన్నటిదాకా బాగానే ఉంది డాక్టర్ గారూ, ఏమైందో తెలీదు, వయసైపోయింది కదా.’ ఇందులో మొదటి సగం చాలాసార్లు నిజం కాదు. చివరి సగం ఏ జబ్బుకూ పేరు కాదు.

పెద్ద జాతి కుక్కలకు ఆరేడేళ్లకే వృద్ధాప్యం మొదలవుతుంది, చిన్నవాటికి ఇంకాస్త ఆలస్యంగా. ఆ వయసులో జబ్బులు ఎక్కువే. కానీ వాటిలో వైద్యానికి లొంగేవి బోలెడు ఉన్నాయి. ‘కారణం తెలియని జబ్బు’ అని పేరు పడ్డవాటిలో చాలా వాటికి కారణం తెలియకపోవడానికి కారణం, మొదటి రోజు ఎవరూ ఏదీ కొలవకపోవడమే.

కుక్క నీరసంగా పడి ఉంటే మొట్టమొదట పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో, తడితడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు పాలిపోతే లోపల ఎక్కడో రక్తం పోతోందని గానీ, రక్తకణాలు నాశనమవుతున్నాయని గానీ అనుమానించాలి. పసుపు తిరిగితే కామెర్లు. నీలం తిరిగితే ఆక్సిజన్ అందడం లేదు. ఇటుకలా ఎర్రబడితే వడదెబ్బో, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షనో కావచ్చు. పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప కొద్దిగా కిందికి లాగి లోపలి రంగు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న రోజున ఒకసారి చూసి పెట్టుకోండి. అప్పుడే తేడా పట్టుకోగలరు.

ముక్కు పొడిబారింది కాబట్టి జ్వరం అనుకోవడం తప్పు. జ్వరం చెప్పేది థర్మామీటరే. డిజిటల్ థర్మామీటర్ కొనకు వాజిలిన్ రాసి, మలద్వారంలోకి రెండు సెంటీమీటర్లు పోనిచ్చి, కొన మలద్వారం లోపలి గోడకు ఆనేలా పట్టుకోవాలి. మలంలో గుచ్చుకుంటే అంకె తక్కువ చూపిస్తుంది. కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. మనకు జ్వరమనిపించే అంకె దానికి జ్వరం కాదని తెలియక పారాసెటమాల్ వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. 104 దాటితే అదే రోజు డాక్టరు చూడాలి. 99 కన్నా తగ్గినా అంతే, దాన్ని ‘జ్వరం లేదులే’ అని తేలిగ్గా తీసుకోకూడదు.

గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రెండు మూడుసార్లు లెక్కపెట్టినా 30 దాటుతోందంటే గుండె గానీ ఊపిరితిత్తులు గానీ ఇబ్బందిలో ఉన్నాయని అర్థం. ఇంకొకటి. వీపు మీది చర్మం పైకి లాగి వదిలి ఒంట్లో నీరు తగ్గిందేమో చూడమంటారు. ముసలి కుక్కకు ఈ పరీక్ష నమ్మదగింది కాదు. వయసుతో చర్మం సాగే గుణం పోతుంది కనుక, నీరు సరిపడా ఉన్నా లాగిన చర్మం అలాగే నిలబడుతుంది. దానికన్నా చిగురు మీద వేలు పెట్టి చూడటం మేలు. జిగటగా అంటుకుంటోందంటే నీరు తగ్గినట్టే.

గంటలు కూడా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. పొట్ట డప్పులా ఉబ్బి, కుక్క డోకుతున్నా వాంతి రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో ఇది ఎక్కువ. తెల్లారేదాకా చూద్దామనుకుంటే దక్కదు. గర్భసంచి తీయించని ఆడకుక్కకు హీట్ (ఎద) ముగిసిన నెల, రెండు నెలల్లో విపరీతమైన దాహం, వాంతులు, నీరసం మొదలైతే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. చీము బయటికి కారకపోయినా పట్టి ఉండొచ్చు, అసలు కారనిదే ఎక్కువ ప్రమాదం. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒక రోజులో రెండుసార్లు వచ్చినా వెంటనే బయల్దేరండి. ఫిట్స్‌లో ఉన్న కుక్క నోట్లో చెయ్యి గానీ చెంచా గానీ పెట్టకండి. అది నాలుక మింగేయదు, మీ వేలే తెగుతుంది.

వీటన్నిటిలో మనల్ని బాగా మోసం చేసేది పొట్టలోని ప్లీహం (స్ప్లీన్) మీది గడ్డ. గడ్డ చిట్లి పొట్టలోకి రక్తం కారుతుంది, కుక్క ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. కొన్నిసార్లు రక్తం కారడం దానంతటదే ఆగి, పొట్టలో చేరిన రక్తంలో కొంత ఒంట్లోకి తిరిగి ఇంకుతుంది. సాయంత్రానికి లేచి తోక ఊపుతుంది, అన్నం తింటుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ పడిపోతుంది, ఆసారి లేవకపోవచ్చు. కాబట్టి కుప్పకూలి, చిగుళ్లు పాలిపోయి, తర్వాత దానంతటదే కోలుకున్న ముసలి కుక్కకు పొట్ట స్కానింగ్ తప్పనిసరి. ఆ గడ్డల్లో కేన్సర్‌వి ఎక్కువే. అయినా కేన్సర్ కానివీ ఉన్నాయి, ప్లీహం తీసేస్తే అలాంటి కుక్కలు మామూలుగా బతుకుతాయి. ఏది ఏదో తేలాలంటే మొదటిసారి పడిపోయినప్పుడే తీసుకెళ్లాలి.

దీనికి పూర్తిగా ఎదురు, చూడటానికి భయంకరంగా ఉండి చాలావరకు తగ్గిపోయే జబ్బు ఒకటుంది. కుక్క తల ఒక పక్కకు వాలిపోతుంది. తాగినట్టు తూలి ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. కనుగుడ్లు గడియారం లోలకంలా అటూ ఇటూ కొట్టుకుంటాయి. వాంతులవుతాయి. పక్షవాతం వచ్చిందనుకుని ఆ రోజే ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చేయమని అడిగేవాళ్లున్నారు. చాలామట్టుకు ఇది లోపలి చెవిలో సమతూకం చూసే భాగం దెబ్బతినడం. ముసలి కుక్కల్లో ఏ కారణమూ దొరక్కుండానే వస్తుంది. మొదటి 24 గంటలు ఘోరంగా ఉంటుంది, సాధారణంగా మూడు రోజుల్లోపు తేరుకోవడం మొదలవుతుంది, రెండు మూడు వారాల్లో నడక కుదురుతుంది. తల కొద్దిగా వాలి ఉండటం కొన్నింటికి జీవితాంతం మిగిలిపోతుంది, దానివల్ల నష్టమేమీ లేదు. అయితే డాక్టరు చెవి లోపల చూడాలి, చెవి ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలాగే అవుతుంది. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ మోతాదు ఎక్కువైనా ఇలాగే అవుతుంది, కాబట్టి వాడిన మందులన్నీ చెప్పండి. కనుగుడ్లు పైకీ కిందికీ కొట్టుకుంటున్నా, పాదం మడతపడి పైభాగం నేలకు ఆనినా సరిచేసుకోలేకపోతున్నా, పిలిస్తే మగతగా ఉన్నా సమస్య మెదడులో ఉండొచ్చు. అప్పుడు మూడు రోజులు ఆగే లెక్క వర్తించదు.

పరీక్షలకు ముందే మందులు వేసేయడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కుక్క మరుసటి రోజు లేచి తిరుగుతుంది, అందుకే అడిగి మరీ వేయిస్తారు. కానీ లింఫ్ గ్రంథుల కేన్సర్ ఉంటే ఆ ఇంజెక్షన్‌తో గ్రంథులు తాత్కాలికంగా కుంచించుకుపోతాయి, గ్రంథిలోకి సూది గుచ్చి చేసే పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు, తర్వాత ఇచ్చే కీమోథెరపీ కూడా సరిగా పనిచేయదు. స్టెరాయిడ్ మీద నొప్పుల మాత్ర పడితే కడుపులో పుండు పడి రక్తపు విరేచనాలు కావచ్చు. మనుషుల ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు విషంతో సమానం.

సెలైన్ ఎక్కించక ముందే రక్తం, మూత్రం నమూనాలు తీయమని మీరే అడగండి. మూత్రం చిక్కదనాన్ని బట్టి కిడ్నీలు నీటిని పట్టి ఉంచగలుగుతున్నాయో లేదో తెలుస్తుంది. సెలైన్ ఎక్కాక ఆ అంకెకు అర్థం ఉండదు. పొద్దున్నే కుక్క మొదటిసారి మూత్రం పోసేటప్పుడు శుభ్రమైన గరిటెతో పట్టి, మూత ఉన్న సీసాలో పోసి గంటలోపు లాబ్‌కు చేర్చాలి, ఆలస్యమయ్యేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టాలి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికే కిడ్నీల పని నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అన్నది ఎందుకు నిజం కాదో ఇక్కడ తెలుస్తుంది. అంతకు ఎన్నో వారాల ముందే దాహం పెరిగి ఉంటుంది, ఎవరూ కొలిచి ఉండరు. పొద్దున కొలిచి నీళ్లు పోసి, మర్నాడు అదే వేళకు మిగిలినవి కొలవండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అంటే 20 కిలోల కుక్కకు రెండు లీటర్లు. దాటితే కిడ్నీలు, షుగరు రెండూ చూడాలి. పిడుదులు కనిపించకపోయినా వాటివల్ల వచ్చే జ్వరానికి రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేయించండి. పిడుదుల ద్వారా సోకే ఎర్లికియా అనే క్రిమి ఒంట్లో నెలల తరబడి నక్కి ఉండి తర్వాత బయటపడగలదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది కుక్కను మాత్రమే కాదు, ఒక కాగితాన్ని కూడా. చివరిసారి మామూలుగా తిన్నది ఎప్పుడు, మూత్రం ఎన్నిసార్లు పోసింది, వాంతిలో ఏముంది, ఏ మందు ఏ మోతాదులో ఎన్ని గంటలకు వేశారు, ఇవన్నీ గంటలతో సహా రాయండి. తూలడం, దగ్గు, ఫిట్స్ సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల ఎక్కగానే చాలా కుక్కలు నిటారుగా నిలబడతాయి, ఇంట్లో కనిపించింది అక్కడ కనిపించదు. మొదటి పరీక్షల్లో ఏమీ తేలకపోతే డాక్టరును మార్చే ముందు, అవే పరీక్షలు మళ్లీ ఎప్పుడు చేద్దామని అడిగి చూడండి. రెండు రోజుల తేడాతో తీసిన రెండు అంకెలు, ఒక్క అంకె కన్నా ఎక్కువ చెబుతాయి.

ఇక ఇంట్లో చాకిరీ. లేవలేని కుక్కకు నాలుగంగుళాల ఫోమ్ పరుపు, పైన తడి పీల్చే గుడ్డ వేయండి. నాలుగు గంటలకోసారి పక్క మార్చకపోతే మోచేతులు, తుంటి ఎముకల దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి. మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంటే పోస్తోందిలే అనుకోకండి. నిండిపోయిన సంచి పొంగి కారుతుండొచ్చు. 12 గంటలు సరిగా పోయకపోతే డాక్టరు చేత ఖాళీ చేయించాలి. ఎలా నొక్కాలో నేర్చుకోకుండా మీరు నొక్కొద్దు. తువ్వాలు పొట్ట కింద నుంచి తీసి రెండు కొసలూ వీపు మీదుగా పట్టుకుంటే వెనక కాళ్లకు ఊతం దొరుకుతుంది. మగకుక్కకైతే మూత్రం పోసే చోట తువ్వాలు అడ్డం పడకుండా చూడండి.

తిండి గోరువెచ్చగా పెడితే వాసన లేచి ముట్టుకుంటుంది. కదలకుండా ఉన్న కుక్కకు రోజుకు కావాల్సిన కేలరీలు తెలియాలంటే కిలోల్లో బరువును 30తో గుణించి 70 కలపండి. 20 కిలోలకు 670. రెండు మూడు రోజులు తినని కుక్కకు మొదటి రోజు అందులో మూడోవంతే పెట్టి మెల్లగా పెంచాలి. రెండు రోజులు అసలు ముట్టుకోకపోతే అదే ఒక లక్షణం, బతిమాలుతూ కూర్చోకండి. తల తిరుగుతున్నప్పుడు, వాంతులవుతున్నప్పుడు నోట్లో ఏదీ బలవంతంగా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మింగగలిగే కుక్కకు కూడా బోర్లా కూర్చోబెట్టి, తల నేలకు సమంగా ఉంచి, సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా, మింగాక మళ్లీ కొంచెం పోయాలి.

ఇంత చేసినా నిలబడని కుక్కలుంటాయి. వదిలేయాలా, నిలబెట్టాలా అన్నది మనసు తేల్చుకోలేనప్పుడు అమెరికా పశువైద్యురాలు అలిస్ విలలోబోస్ రూపొందించిన కొలత సాయపడుతుంది. నొప్పి అదుపులో ఉండటం, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉండటం, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటుతుంటే బతుకు ఫరవాలేదని అర్థం. ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేసుకుని, తర్వాత పోల్చి చూసుకోండి. ఒక్కరోజు అంకె చూసి నిర్ణయం తీసుకోకండి, వారం రోజులు వేయండి. ముఖ్యంగా తల వాలిపోయి తూలుతున్న కుక్కకు మొదటి మూడు రోజులు ఈ లెక్క వేయనే వద్దు. నాలుగో రోజున తానే లేచి గిన్నె దాకా నడిచే కుక్కకు కూడా, ఆ మూడు రోజుల్లో 35 రావడం కష్టం.

ఇట్లు,
పశువైద్య వృత్తిలో ఉన్న ఒక పాఠకురాలు