ఇంట్లో ప్రార్థనకూ అడ్డేనా?

అయ్యా,

శుక్రవారం రాత్రి మా ఇంట్లో కొందరు ఆడవాళ్లం ఉపవాస ప్రార్థన చేసుకుంటాం. మైకు పెట్టం. అయినా కొందరు కుర్రాళ్లు గుమ్మం ముందు బండ్లాపి హారన్లు కొడుతున్నారు, వచ్చేవాళ్లను సెల్‌ఫోన్లో వీడియో తీస్తున్నారు. మతం మారానని మా ఆడపడుచు కూతురి పెళ్లికే పిలవలేదు. అది మరీ బాధ.

నిజం చెబుతున్నాను, ఆ మోతలోనే దేవుడు నాకు మునుపెన్నడూ లేనంత దగ్గరయ్యాడు. ఎప్పుడో కంఠతా పట్టిన బైబిల్లోని 27వ కీర్తనలో ఇప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగి కన్నీళ్లు పెట్టుకుంటున్నాను. ఆ పిల్లల కోసమూ ప్రార్థిస్తున్నాం. వాళ్లమ్మలు మాతోపాటు మిరపకాయల కోతకు వచ్చేవాళ్లే.

నచ్చిన మతాన్ని ఆచరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది. శుక్రవారాల్లో మా వీధిలో పోలీసు గస్తీ పెట్టించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా