నామినీ గడి

కంచిలి,
బుధవారం.

చిట్టితల్లికి, అమ్మ దీవెనలు.

ఆదివారం "నీ మీద ప్రయోగాలు చేయనిస్తావా అమ్మా?" అని అడిగి, ఏడుస్తూ ఫోను పెట్టేశావు. నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను. నా కిడ్నీ జబ్బుకు కొత్త మాత్రను పరీక్షించే ట్రయల్‌లో చేరతారా అని విశాఖ ఆసుపత్రిలో ఇచ్చిన పత్రం జెరాక్సు కూడా ఇందులో పెట్టాను. తెలుగులోనే ఉంది. తీరిగ్గా చదువు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నేను ఊళ్లలో ఏఎన్ఎం నర్సుగా తిరిగిన రోజుల్లో కిడ్నీ జబ్బు మీద పరిశోధన అంటూ మన ఉద్దానం ఊళ్లకు చాలా బృందాలు వచ్చాయి. నాకు ప్రతి గడపా తెలుసు కాబట్టి నన్నే ముందు నడవమనేవారు. తెల్లవారకముందే జీడితోటలకు బయలుదేరిన ఆడవాళ్లను ఆపి, రక్తం తీయించి, కాగితం మీద వేలిముద్ర వేయించాను. "ఎందుకమ్మా?" అంటే "మీ మంచికే" అనేదాన్ని. ఆ కాగితంలో ఏముందో నేనూ చదవలేదు. ఐసు పెట్టెల్లో సీసాలు వెళ్లిపోయాయి. ఫలితం చెప్పడానికి మళ్లీ మా గడప తొక్కినవారు లేరు. కొన్నేళ్లకు డయాలసిస్ మంచం మీద ఉన్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "అప్పుడు నా రక్తంలో ఏం కనబడిందమ్మా?" అని అడిగింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె పోయింది. జబ్బుకు మూలం నీళ్లా, ఎండలో చాకిరీనా, పురుగుమందులా అన్నది ఈనాటికీ తేలలేదు.

కాబట్టి నీ భయం ఉత్తదని నేను అనను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలను చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే పెట్టారని తర్వాత విచారణలో బయటపడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని ఆపించింది. అప్పుడు మా ఏఎన్ఎంలం ఎక్కడ కలిసినా అదే మాట. నాకు మాత్రం నేను వేయించిన వేలిముద్రలు గుర్తొచ్చేవి.

మరి ఇప్పుడు ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, టీబీ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు ఇంటింటికీ వెళ్లి టీబీ మాత్రలు మింగించినదాన్ని కదా. ఒకప్పుడు టీబీ వస్తే మనిషిని శానటోరియంలో, అంటే టీబీ రోగుల ఆసుపత్రిలో, నెలల తరబడి ఉంచాలనేవారు. పేదవాడికి అక్కడ మంచం దొరికేది కాదు. 1956లో మద్రాసులో టీబీ చికిత్సా కేంద్రం పెట్టి, 193 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. కొందరు శానటోరియంలో, కొందరు తమ ఇళ్లలోనే ఉండి అవే మందులు వాడారు. ఇంట్లో ఉన్నవారూ దాదాపు అంత బాగానే కోలుకున్నారని 1959లో ప్రకటించారు. వారి వల్ల ఇంటిల్లిపాదికీ అదనంగా జబ్బు అంటుకోలేదని ఆ తర్వాత తేల్చారు. ఆ 193 మంది ఎవరో నాకు తెలియదు. వాళ్లు ఆ లాటరీకి ఒప్పుకోకపోతే నా సంచిలో ఆ మాత్రలు ఉండేవి కావు.

ఈ ట్రయల్‌లోనూ అదే పద్ధతి. సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి చూడటానికి అలాగే ఉండే, మందు లేని మాత్ర. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. నాకూ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఇప్పుడు వాడుతున్న బీపీ మాత్రలు మాత్రం ఎవరికీ ఆపరు. కొత్త మాత్ర వల్ల రక్తంలో పొటాషియం పెరగవచ్చని నాలుగో పేజీలో ఉంది. అందుకే మొదట్లో తరచుగా రక్తపరీక్ష చేస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి అవి ముట్టకూడదన్నారు. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని ఆ నీళ్లు మానడం మీ నాన్నకు కూడా ఎంత కష్టమైందో నీకు గుర్తుండే ఉంటుంది.

డాక్టరును గంటసేపు కూర్చోబెట్టి అడిగాను. ఆయన విసుక్కోలేదు. మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదు, కారణం కూడా చెప్పనక్కరలేదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం ఇవ్వాలి. ఇది 2019 నాటి కేంద్ర నియమాల్లో ఉంది. చదవడం రాని మనిషైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండి వినాలట. ఆ రోజుల్లో నేను అలాంటి సాక్షిని ఒక్కరినీ కూర్చోబెట్టలేదు. ఇలాంటి ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీలో దీని నంబరు మొదటి పేజీలోనే ఉంది. పక్కింటి అబ్బాయి ఫోనులో వెతికి చూపించాడు, వివరాలు సరిపోయాయి. ఫలితాలు మాకు చెబుతారా అని కూడా అడిగాను. చెబుతామన్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చారు.

డబ్బు కోసమా అని కూడా అడిగావు. విశాఖకు వచ్చిన ప్రతిసారీ రైలు ఖర్చూ, భోజనమూ ఇస్తారు. అంతకు మించి ఏమీ లేదు.

ఈ మాత్ర నాకు మేలు చేస్తుందనే ఆశతో వెళ్లడం లేదు. నాకు దక్కేది ఉత్త మాత్రే కావచ్చు. మీ నాన్నను తీసుకుని సోంపేట స్టేషన్‌లో రాత్రి రైలు కోసం కూర్చున్నప్పుడు, ఆ బెంచీల మీద మన మండలం వాళ్లే మరో నలుగురు అదే ఆసుపత్రికి బయలుదేరి ఉండేవారు. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ నాకు ఇంకా రెండు దాటలేదు. నేను ఆ బెంచీ మీదకు చేరేలోపు చేయగలిగింది ఏదైనా ఉంటే చేయాలని ఉంది. భయం లేదా అంటే, ఉంది. రాత్రి నిద్ర పట్టడం లేదు.

సంతకం ఇంకా పెట్టలేదు. పత్రం ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోమన్నారు. చివరి పేజీలో ఒక గడి ఖాళీగా వదిలాను. ట్రయల్ వల్ల నేను చనిపోతే పరిహారం ఎవరికి అందాలో, ఆ నామినీ పేరు రాయాలి. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? కానీ నిన్ను అడగకుండా రాయను. మొత్తం చదువు, అర్థం కానిచోట గీత పెట్టు, ఆదివారం ఫోను చెయ్యి. సోమవారం విశాఖ వెళ్లాలి. వీలైతే నువ్వూ నేరుగా అక్కడికే వచ్చి, డాక్టరును నీ నోటితో నువ్వే అడుగు.

మీ అమ్మ