షామొనీ లోయ దారుల గురించి రవీంద్రకు

జెనీవా,
మే 18

ప్రియమైన రవీంద్రా,

నీ ఉత్తరం అందింది. సెప్టెంబరు మొదటి పక్షంలో చెల్లెమ్మతో కలిసి వస్తున్నావనీ, ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లోని షామొనీలో ఉండే వారంలో నాలుగైదు ఉదయాలు పరుగుకు కేటాయించుకోవాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. అయితే ఆ పెద్ద పందెం జరిగే దారినే పట్టుకుని వీలైనంత దూరం పరుగెత్తాలన్న నీ ఆలోచనకు మాత్రం నేను అడ్డుపడక తప్పదు. యూటీఎంబీ అని అందరూ పిలిచే ఆ పందెం 2003లో మొదలైంది. మాంట్ బ్లాంక్ పర్వతరాశి చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మీదుగా దాదాపు 170 కిలోమీటర్లు సాగే ఆ దారిలో మొత్తం మీద సుమారు 10,000 మీటర్ల ఎత్తు ఎక్కాలి, అంతే ఎత్తు దిగాలి. గొప్ప పందెమే, కాదనను. కానీ సాయంత్రం షామొనీ చర్చి దగ్గర బయలుదేరిన వాళ్లు లె జూష్ గ్రామం దాటి కొండెక్కేసరికి ఈ లోయ వాళ్ల వెనుకకు పోతుంది, తిరిగి లోయలోకి దిగే వేళకు దాన్ని తీరిగ్గా చూసే ఓపిక వాళ్లలో ఎవరికీ మిగలదు. నువ్వు పందెం కోసం రావడం లేదు కనుక లోయ చుట్టూ ఉన్న దేశాలను వదిలిపెట్టి, లోయలోనే పరుగెత్తు.

ఈ లోయను అంతస్తులుగా ఊహించుకుంటే దారులు సులభంగా అర్థమవుతాయి. అడుగున ఆర్వ్ నది, దాని ఒడ్డున 1,035 మీటర్ల ఎత్తులో షామొనీ ఊరు. దానిపైన రెండు వైపులా అడవి గుండా పోయే దారులను చిన్న బాల్కనీలు అంటారు. ఇంకా పైన, చెట్లు ఆగిపోయి గడ్డీ రాళ్లూ మొదలయ్యే చోట, రెండు వేల మీటర్లకు అటూ ఇటూగా కొండ నడుము చుట్టూ పోయే దారులను పెద్ద బాల్కనీలు అంటారు. వీటన్నిటికీ పైన, 2023లో కొలిచినప్పుడు 4,805.59 మీటర్లని తేలిన మాంట్ బ్లాంక్ శిఖరం ఉంటుంది. ఊరి వీధిలో నిలబడి చూస్తే ఆ శిఖరం మూడు వేల ఏడు వందల మీటర్లకు పైగా నెత్తి మీద ఉంటుంది కనుక మొదటి రోజు మెడ నొప్పి ఖాయం. ఒక్కొక్క అంతస్తును ఒక్కొక్క కాలపు మనుషులు ఒక్కొక్క అవసరం కొద్దీ వాడుకున్నారు. ఆ క్రమంలోనే, కింది నుంచి పైకి, రోజుకొక అంతస్తు చొప్పున పరుగెత్తమని నా సలహా.

మొదటి ఉదయం నది ఒడ్డు. ఊరి నడుమ వంతెన పక్కన ఉన్న విగ్రహం దగ్గర మొదలుపెట్టు. జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త సోసూర్ 1760లో ఈ శిఖరానికి దారి కనిపెట్టిన వారికి బహుమతి ప్రకటించాడు. ఇరవై ఆరేళ్ల తరువాత, 1786 ఆగస్టు 8న, ఊరి వైద్యుడు మిషెల్ పకార్, కొండల్లో స్ఫటికాలు ఏరుకుని అమ్ముకునే జాక్ బాల్మా కలిసి పైకి చేరారు. 1887లో పెట్టిన ఈ విగ్రహంలో మాత్రం సోసూర్, బాల్మా మాత్రమే ఉంటారు. బాల్మా వేలు చూపిస్తుంటాడు, సోసూర్ తలెత్తి చూస్తుంటాడు. పకార్‌కు తన విగ్రహం దక్కడానికి 1986 దాకా, అంటే ఎక్కిన రెండు వందల ఏళ్ల దాకా పట్టింది. దగ్గరలోనే ఒంటరిగా ఉంటుంది, వెతికి చూడు. నా మటుకు నాకు ఆ వైద్యుడంటేనే అభిమానం, ఎందుకంటే ఆయన అంత ఎత్తున చలిలో వాతావరణ పీడనం కొలిచే పరికరం కూడా మోసుకుపోయాడు.

అక్కడి నుంచి నదికి ఎదురుగా, ఈశాన్యం వైపు సాగిపో. 1924లో మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగిన మైదానం పక్కగా వెళ్లి బూషే అడవిలో ప్రవేశిస్తావు. దారి చదునుగా, మట్టిగా ఉంటుంది, విమాన ప్రయాణపు బడలిక తీరడానికి సరిగ్గా సరిపోతుంది. లె ప్రా గ్రామం దాటాక కుడివైపు లె బ్వా అనే చిన్న పల్లె వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగు. ఇప్పుడు నీకు ఇళ్లూ చెట్లూ తప్ప ఏమీ కనిపించవు, కానీ పదిహేడో శతాబ్దంలో మేర్ ద గ్లాస్ హిమానీనదం కొండ దిగి ఈ పల్లె అంచుదాకా వచ్చింది. పొలాలూ ఇళ్లూ మంచు కింద పోతాయని భయపడిన జనం 1644లో జెనీవా బిషప్‌ను పిలిపించుకుని, ఊరేగింపుగా వెళ్లి, మంచుకు ఎదురుగా ప్రార్థనలు చేయించారు. ఆనాటి వాళ్ల భయం మంచు ముందుకు వస్తోందని, ఈనాటి వాళ్ల భయం వెనక్కి పోతోందని. ఆ మంచు ఎంత వెనక్కి పోయిందో మూడో రోజు నీ కాళ్లే నీకు చెబుతాయి.

రెండో ఉదయానికి చిన్న బాల్కనీ చాలు. బోర్డుల మీద పెతీ బాల్కోఁ స్యూద్ అని ఉంటుంది. దక్షిణానికి ముఖం పెట్టిన వాలు కాబట్టి ఆ పేరు వచ్చింది, లోయలో అది ఉన్నది మాత్రం ఉత్తరపు వైపున, ఈ సంగతి ముందే తెలుసుకుంటే దారి తప్పవు. స్ప్రూస్, లార్చ్ చెట్ల నీడలో ఎగుడుదిగుడుగా షామొనీ నుంచి అర్జాంతియేర్ దాకా వెళుతుంది. నీ మోకాళ్లకు ఇది మంచి మందు. అర్జాంతియేర్‌లో రొట్టె, కాఫీ ముగించుకుని రైలెక్కి వెనక్కి రా. లోయ పొడుగునా పోయే ఆ చిన్న రైలూ, ఊరి బస్సులూ బస చేసే చోట ఇచ్చే అతిథి కార్డు ఉంటే ఉచితం. అందుకే ఈ లోయలో ఎవరూ వెళ్లిన దారినే తిరిగి పరుగెత్తరు. చెల్లెమ్మకు నడవాలని ఉంటే ఈ దారిలోనే లె ప్రాకు పైన ఉన్న లా ఫ్లోరియా అనే పూల ఇంటి దాకా నడవమను, పూలకుండీల నడుమ కూర్చుని మాంట్ బ్లాంక్‌ను చూస్తూ టీ తాగవచ్చు.

ఇక మూడో రోజు. నేను నిన్ను నిజంగా పంపించాలనుకుంటున్న దారి ఇదే, పేరు గ్రాఁ బాల్కోఁ నోర్. పొద్దున్నే ఎగ్వీ దు మిది కేబుల్ కారు ఎక్కు. 1955లో తెరిచిన ఆ కేబుల్ కారు 3,777 మీటర్ల దాకా పోతుంది, నువ్వు మాత్రం మధ్య మజిలీలో, 2,317 మీటర్ల దగ్గర దిగిపోవాలి. జనమంతా ఫొటోల కోసం పైకి పోతారు, అక్కడ దిగేది కొద్దిమందే. కాస్త కిందికి దిగితే రాతితో కట్టిన విడిది ఇల్లు ఒకటి వస్తుంది, అక్కడి నుంచి దారి ఈశాన్యానికి తిరిగి కొండ నడుమునే సాగుతుంది. ఆరేడు కిలోమీటర్లలో దాదాపు నాలుగు వందల మీటర్లు దిగుతావు గానీ, అది ఒక్కసారిగా దిగే దిగుడు కాదు. గ్రానైటు పలకల మీదుగా, చిన్న చిన్న వాగులు దాటుకుంటూ, సెప్టెంబరులో ఆకులు ఎర్రబడడం మొదలయ్యే మిర్తీయ్ పొదల మధ్యగా పోతుంది. ఎడమవైపు లోయ అడుగు కనిపిస్తూ ఉంటుంది, కుడివైపు సూదుల్లాంటి శిఖరాలు నిలబడి ఉంటాయి. రాళ్లు తడిసి ఉంటే అడుగు చిన్నది చెయ్యి, వేగం సంగతి మరిచిపో.

చివర్లో దారి రెండుగా చీలుతుంది. కిందిది సూటిగా మేర్ ద గ్లాస్ అంచున రైలు స్టేషను ఉన్న మోంతాంవేర్‌కు పోతుంది. నువ్వు పైదాన్ని పట్టుకో, కొంచెం ఎక్కాలి, అంతే. హిమానీనదాల కదలికను కొలిచిన స్కాట్లండ్ శాస్త్రవేత్త ఫోర్బ్స్ పేరు పెట్టుకున్న ఆ మిట్ట, సుమారు 2,200 మీటర్ల దగ్గర, దారిన పోయేవాళ్లు పేర్చిన రాతి గుట్టలతో నిండి ఉంటుంది. మలుపు తిరగగానే ద్రూ శిఖరమూ, దాని వెనుక గ్రాంద్ జొరాస్ గోడా, కింద మేర్ ద గ్లాస్ ఒక్కసారే కనిపిస్తాయి. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఆంగ్లేయులు స్థానికులను వెంటబెట్టుకుని ఈ మోంతాంవేర్‌కే ఎక్కి వచ్చారు. గాలికి ఎగసిన నీళ్లు ఒక్కసారిగా గడ్డకట్టినట్టు ఉందని విండమ్ రాసిన తరువాతనే ఈ లోయకు యాత్రికుల రాక మొదలైంది. ఆ రాకే ఇక్కడి పశువుల కాపరులను, వేటగాళ్లను దారి చూపేవాళ్లుగా మార్చింది. 1821లో వాళ్లంతా కలిసి పెట్టుకున్న గైడ్ల సంఘం ఈనాటికీ నడుస్తోంది. కంచరగాడిదల మీద వచ్చే యాత్రికుల కోసం బాగుచేసిన దారి, 1908లో తెరిచిన పళ్లచక్రాల రైలు, అన్నీ ఈ ఒక్క చూపు కోసమే.

విండమ్ చూసిన మంచు ఇప్పుడు అక్కడ లేదు. పాత గొండోలా, అంటే చిన్న డబ్బాల కేబుల్ కారు, దిగిన చోటు నుంచి మంచు దాకా ఇనుప మెట్లు కట్టారు, మంచు తరిగినకొద్దీ ఏటా కొన్ని మెట్లు జోడిస్తూ పోతే ఐదు వందలు దాటాయి. దారి పొడుగునా ఫలానా ఏడాది మంచు ఇంతవరకు ఉండేది అని రాసిన పలకలు ఉంటాయి. 2024లో కొత్త గొండోలా తెరిచి, మంచు ఇంకా మిగిలిన చోటికి మనుషులను దించుతున్నారు. అక్కడ పరుగెత్తకు, నిదానంగా పలకలు చదివి గొండోలాలో దిగు. తరువాత మోంతాంవేర్ నుంచి లె మోతే అనే చిన్న ఫలహారశాల మీదుగా లె బ్వా పల్లెకు దిగే కాలిబాట పట్టు. మొదటి రోజు నువ్వు ఆగిన ఆ పల్లెకు, ఈ రోజు మంచు ముట్టుకున్న చోటికి మధ్య ఉన్న ఎత్తంతా నీ తొడలు కొలుస్తాయి. అలిపిరి మెట్లు దిగిన మర్నాడు నువ్వు కుర్చీలోంచి లేవలేకపోయిన సంగతి గుర్తుంది కదా, అలాగే ఉంటుంది. అందుకని నాలుగో రోజు విశ్రాంతి.

ఎదుటి వాలు మీది పెద్ద బాల్కనీ గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. ప్లాంప్రాకు గొండోలాలో వెళ్లి, ఫ్లెజేర్ దాకా పరుగెత్తి, అక్కడి నుంచి కేబుల్ కారులో దిగిపోవచ్చు. మాంట్ బ్లాంక్ పర్వత వరుస మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. ఫ్లెజేర్‌కు అవతల, 1974 నుంచి రక్షిత ప్రాంతంగా ఉన్న ఎగ్వీ రూజ్ వాలుల్లో ఐబెక్స్ కొండమేకలు దారి పక్కనే మేస్తుంటాయి. కానీ జనం ఎక్కువ. బరువైన సంచులతో నడిచేవాళ్లకు దారి ఇస్తూ పోవడంతోనే సరిపోతుంది. ఇంకా ముందుకు, అర్జాంతియేర్ వైపు పోయే దారిలో రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు ఉన్నాయి, అవి పరుగుకు సంబంధించినవి కావు. ఓపిక మిగిలితే లె తూర్ పల్లె నుంచి 2,191 మీటర్ల కోల్ ద బాల్మ్ కనుమకు ఎక్కిరా. అది స్విట్జర్లాండ్ సరిహద్దు. అక్కడ వెనక్కి తిరిగితే నువ్వు పరుగెత్తిన లోయ మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది.

ఆఖరి ఉదయానికి నాదొక కోరిక. నది వెంబడి దిగువకు, గయాఁ చెరువు మీదుగా వెళ్లి, 1965లో తెరిచిన 11.6 కిలోమీటర్ల మాంట్ బ్లాంక్ సొరంగం ముఖద్వారం దగ్గర నుంచి అడవిలోకి ఎక్కు. దాదాపు 1,360 మీటర్ల దగ్గర సెర్రో అనే చిన్న ఇల్లు వస్తుంది. ఎదురుగా బొస్సోఁ హిమానీనదం. 1950 నవంబరు 3న ఎయిర్ ఇండియా వారి మలబార్ ప్రిన్సెస్ విమానం, 1966 జనవరి 24న కాంచనజంగ అనే బోయింగ్ 707 విమానం ఈ పర్వతాన్నే ఢీకొన్నాయి. మొదటి దానిలో 48 మంది, రెండో దానిలో 117 మంది మరణించారు. రెండో విమానంలో హోమీ భాభా ఉన్నారన్నది నీకు తెలుసు, అది ఈ జెనీవాలో దిగడానికే ఎత్తు తగ్గిస్తూ ఉంది. ఆ శకలాలను అప్పటి నుంచి మంచు నెమ్మదిగా కిందికి మోసుకొస్తోంది. 2012లో మన విదేశాంగ శాఖ ఉత్తరాల సంచి బయటపడింది, 2013లో ఒక పర్వతారోహకుడికి రత్నాల పెట్టె దొరికితే పోలీసులకు అప్పగించాడు. 2020లో దొరికిన భారతీయ దినపత్రికలను ఈ సెర్రో ఇంట్లోనే ఆరబెట్టారు. ఇందిరాగాంధీ ప్రధాని కాబోతున్నారన్న వార్త వాటి మొదటి పేజీలో ఇంకా చదవడానికి వీలుగా ఉంది. ఆ దారిలో నేను పరుగు ఆపి నడుస్తాను, నువ్వూ నడువు.

సరంజామా గురించి అడిగావు. పట్టు బాగా ఉన్న షూలు, వాన ఆపే పల్చటి కోటు, చేతి తొడుగులు తప్పనిసరి. సెప్టెంబరులో కూడా పైన తెల్లవారుజామున నీళ్లు గడ్డకడతాయి. ఊళ్లలో రాతి తొట్టెల్లో పారే నీళ్లు తాగవచ్చు, పెద్ద బాల్కనీల మీద మాత్రం సీసా నింపుకునే పో. బోర్డుల మీద దూరానికి బదులు నడక సమయం రాసి ఉంటుంది, నువ్వు అందులో సగం లెక్క వేసుకుంటే చాలు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం చర్చి ఎదుట ఉన్న పర్వత భవనంలో వాతావరణ సూచన చూసుకో, దారుల పరిస్థితి కూడా అక్కడివాళ్లే చెబుతారు. ఆపద వస్తే 112. గొండోలాలు సెప్టెంబరు నడిమికి ఒక్కొక్కటే మూసేస్తారు, కాబట్టి నీ తేదీలను వెనక్కి జరపకు.

బస మాత్రం ఇప్పుడే మాట్లాడుకో, పందెం ముగిసిన వారంలో కూడా గదులు తొందరగా నిండిపోతాయి. లె ప్రాలో ఉంటే నది దారీ, చిన్న బాల్కనీ, ఫ్లెజేర్ కేబుల్ కారూ అన్నీ అడుగు దూరంలో ఉంటాయి. జెనీవా విమానాశ్రయం నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. మొదటి రాత్రి మా ఇంట్లో ఉండి, మర్నాడు కలిసి వెళదాం, మూడో రోజు దారికి నేనూ వస్తాను. టిక్కెట్లు తీసుకోగానే తేదీలు రాయి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీధర్