బాపు కోసం వచ్చిన మీ అందరికీ

అందరికీ వందనాలు. మా నాన్న, మా బాపు, ప్రభువునందు నిద్రించి నెల దాటింది. ఆదరణ కూడిక రోజు మైకు పట్టుకుని నాలుగు మాటలు చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జులై 27న తెల్లవారకముందే హనుమకొండలో మా గల్లీలోకి నాలా నీళ్ళు వచ్చాయి. పక్షవాతంతో రెండేళ్ళుగా బాపు మంచం మీదే. ఎదురింటి అన్నలిద్దరూ నడుముల్లోతు నీళ్ళలో వచ్చి, మంచంతో సహా ఎత్తి వాళ్ళ డాబా మీదికి చేర్చారు. రెండు రోజుల్లో వాళ్ళకు పీర్ల పండుగ. వాళ్ళమ్మ తన పరుపు బాపుకిచ్చి తాను చాప మీద పడుకుంది. అయినా నిమ్ము చేరింది. పన్నెండో రోజు బాపు పోయాడు.

ఈ మధ్యలో మాకు చాలా కారణాలు వినిపించాయి. ఎవరి పాపమో అన్నారు. పూర్వజన్మ కర్మ అన్నారు. మన సంఘం వాళ్ళే కొందరు, దేవుడు పరీక్షిస్తున్నాడు, విశ్వాసం తగ్గిందేమో చూసుకోండి అన్నారు. చెడు మనసుతో కాదు, తెలుసు. కానీ పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదేగా, పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని? ఇద్దరిదీ కాదన్నాడు యేసు. సిలోయము గోపురం మీదపడి పోయిన 18 మంది కూడా మిగతా యెరూషలేము వాళ్ళకంటే పాపులేం కాదన్నాడు.

బాపు ఇంకా ఆసుపత్రిలో ఉండగానే తమ్ముడు పాస్టరు గారిని సూటిగా అడిగేశాడు. "దేవుడు ఆపగలిగీ ఆపలేదా, ఆపలేకపోయాడా?" నాలా పూడ్చి ఇళ్ళు కట్టింది మనుషులే కదా, స్వేచ్ఛ ఇచ్చాక దాన్ని పాడుచేసుకునే వీలూ ఉంటుంది అన్నారాయన. వాడు ఊరుకోలేదు. "సరే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వానను ఏ మనిషి కురిపించాడు అయ్యగారూ?"

పాస్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలియదు బిడ్డా" అన్నారు. చీపురు తీసుకుని మా వెనక గదిలో బురద తోయడం మొదలుపెట్టారు.

ఆ మాటకు మీకు వేరేగా వందనాలు, పాస్టరు గారూ. బైబిల్లో ఏ తప్పూ లేకుండానే కష్టాలన్నీ మీదపడ్డ యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నన్నాళ్ళూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది. యోబును దేవుడు ఎదురు ప్రశ్నలతో ముంచెత్తాడు గానీ, కోపం మండింది మాత్రం తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. అయితే ఎందుకన్నది యోబుకు చివరిదాకా చెప్పనేలేదు. అది నాకిప్పటికీ మింగుడు పడదు. రాత్రి ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

ఎనిమిది రోజులు డబ్బాలు పంపిన పక్క గల్లీ అక్కలకు (మీ సర్వపిండి బాపు చాయ్‌లో నానబెట్టించుకుని తిన్నాడు), ఆసుపత్రి మెట్ల మీద నిద్రపోయిన కాజీపేట యూత్ తమ్ముళ్ళకు, భూస్థాపన రోజు కిరాయి తీసుకోని ఆటో అన్నకు, అమ్మ తరఫున కూడా వందనాలు.

ఇంకొకటి. ఎవరివో రెండు స్టీలు గిన్నెలు మా దగ్గరే ఉండిపోయాయి, అడుగున పెళ్ళి తారీఖు చెక్కి ఉంది. ఖాళీ గిన్నెలు ఇవ్వొద్దని అమ్మ పట్టు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోనే ఉంటాం, రండి.