పెట్రోలు అమ్మకం ఎందుకు ఆపామంటే: మా బంకు ఖాతాదారులకు వివరణ

గుంటూరు జిల్లాలోని మా బంకులో భూగర్భ పెట్రోలు ట్యాంకు కారుతోందన్న అనుమానంతో పెట్రోలు అమ్మకాన్ని తాత్కాలికంగా నిలిపివేశాం. వెనుక ఆవరణలో కనిపిస్తున్న డ్రిల్లింగ్ యంత్రం కొత్త బోరు కోసం వచ్చింది కాదు, పాత పెట్రోలు ట్యాంకు చుట్టూ మట్టి నమూనాలు తీయడానికి వచ్చింది. డీజిల్ ట్యాంకు వేరు. దానికి ప్రెషర్ టెస్టు చేయించగా లీకు బయటపడలేదు కనుక ట్రాక్టర్లకు, లారీలకు డీజిల్ యథావిధిగా దొరుకుతుంది.

వర్షాలు ముదిరాక డిప్ రాడ్‌కు (ట్యాంకులో మట్టం కొలిచే కడ్డీకి) రాసిన, నీరు తగిలితే రంగు మారే వాటర్ పేస్టు రంగు మారింది, అంటే ట్యాంకు అడుగున నీరు చేరింది. ఆ వారంలోనే వెనుక ఇంటివారు తమ బావి నీళ్లకు వాసన వస్తోందని చెప్పారు. భూగర్భజలం పైకి లేచినప్పుడు నీటిని లోపలికి రానిచ్చే చిల్లు, నీటిమట్టం దిగిపోయాక పెట్రోలును బయటికి వదులుతుంది. అందుకే ఈ రెండింటినీ వేర్వేరు సంగతులుగా చూడలేకపోయాం.

రోజూ డిప్ తీసి అమ్మకంతో సరిచూస్తారు కదా, కారితే లెక్కల్లో తేలదా అని పలువురు అడిగారు. పది వేల లీటర్ల పెట్రోలు 5 డిగ్రీలు చల్లబడితేనే సుమారు 50 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆవిరయ్యేది దీనికి అదనం. రోజుకు రెండు మూడు లీటర్లు కారితే, అది ఈ హెచ్చుతగ్గుల చాటున చాలాకాలం దాగిపోగలదు. కాబట్టి సమాధానం పుస్తకంలో కాక మట్టిలోనే వెతకాలి.

బోరు గుంటల నుంచి తీసిన మట్టిగడ్డను ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, కాసేపాగి పెట్రోలు ఆవిరిని కొలిచే పరికరం గొట్టాన్ని లోపలికి గుచ్చితే, మట్టిలోంచి వెలువడిన ఆవిరి ఎంతో అంకెల్లో తెలుస్తుంది. బావి వైపు మూలన పై పొరల్లో దాదాపు ఏమీ కనిపించలేదు గానీ, ట్యాంకు అడుగుమట్టం దాటగానే అంకె అమాంతం పెరిగింది. ట్యాంకరు దించేటప్పుడు ఒలికిన పెట్రోలైతే పై మట్టిలోనే ఎక్కువగా ఉండాలి. అందువల్ల ట్యాంకే కారిందని నేను నమ్ముతున్నాను. ల్యాబుకు వెళ్లిన నమూనాలు తేల్చవలసింది అది ఎంత దూరం పాకిందన్న విషయం. మనది నల్లరేగడి: తడిస్తే నీటిని కూడా తేలికగా దిగనివ్వదు, ఎండితే పగుళ్ల వెంట ఎటైనా దారి ఇస్తుంది. భూగర్భజలం ఏ దిక్కుకు సాగుతోందో తెలుసుకోవడానికి కనీసం మూడు పరిశీలన బావులు కావాలి కనుక వాటిని కూడా తవ్విస్తున్నాం.

చుట్టుపక్కల వారికి ఒక ముఖ్యమైన మనవి. వాసన లేదు కదా అని బావి నీళ్లు తాగవద్దు. తాగునీటిలో బెంజీన్‌కు (పెట్రోలులో ఉండే హానికరమైన రసాయనానికి) ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, నీటిలో దాని వాసన మన ముక్కుకు తెలిసేది దానికి సుమారు వెయ్యి రెట్ల దగ్గర. కాచి తాగుదామని కూడా అనుకోవద్దు, ఆ ఆవిరి వంటింట్లోనే నిండుతుంది. ఫలితాలు తేలేదాకా బంకు వెనుక వీధికి తాగునీటి ట్యాంకరును మా ఖర్చుతో పంపిస్తున్నాం.

నీరు కనిపించిన రోజే పెట్రోలు నాజిళ్లకు తాళం వేశాం. నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. కొద్దిపాటి నీరు అందులో కలిసిపోయి కంటికి ఆనదు, మోతాదు మించితే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగుకు దిగుతుంది. అంతకుముందు వారంలో మా వద్ద పెట్రోలు పోయించుకున్నవారి బండి మొరాయిస్తే, మెకానిక్ రశీదు తీసుకురండి, ఆ మొత్తం మేమే చెల్లిస్తాం.

2002 నాటి పెట్రోలియం నియమాల కింద లైసెన్సు ఇచ్చే పెసోకు (కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకు), కాలుష్య నియంత్రణ మండలికి, ఆయిల్ కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేశాం. ల్యాబు నివేదిక మాకు అనుకూలంగా ఉన్నా, ప్రతికూలంగా ఉన్నా, అందిన రోజే పూర్తి ప్రతిని ఆఫీసు గోడకు అంటిస్తాం. పెట్రోలుకు ముందే సొమ్ము జమ చేసిన ఖాతాదారులు కౌంటరులో చెబితే మిగిలినది వెంటనే తిరిగి ఇచ్చేస్తాం.