షాపు ఎక్కడికీ పోవట్లేదు: ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) విద్యార్థులకు, పీహెచ్‌డీ స్కాలర్లకు

అడిక్‌మెట్‌లో మన జిరాక్స్, బైండింగ్ షాపు ఎత్తేస్తున్నారని హాస్టళ్లలో చెప్పుకుంటున్నారట. పూర్తిగా పుకారేం కాదు. అగ్రిమెంటు అయిపోగానే దిల్‌సుఖ్‌నగర్ పోదామనే అనుకున్నాం. అక్కడ కోచింగ్ సెంటర్ల మెటీరియల్ ప్రింటు తీసుకుంటూ కూర్చున్నా కిరాయి వెళ్లిపోతుంది. కానీ మొన్న ఓనరుతో మాట్లాడి ఇక్కడే కొనసాగుతామని చెప్పాం. కారణం మీ యూనివర్సిటీయే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. రేట్లు, ఉద్దెర సంగతి కింద ఉంది, అది మాత్రం చదవకుండా పోవద్దు.

ఫోన్లకు పీడీఎఫ్‌లు వచ్చాక నోట్సు జిరాక్సుల మీద ఏ షాపూ బతకట్లేదు. మమ్మల్ని నిలబెట్టేది పీహెచ్‌డీ థీసిస్. డమ్మీ కాపీ, దిద్దుబాట్లు, మళ్లీ ప్రింటు, రెగ్జిన్ అట్ట, బంగారు అక్షరాలు... ఒక్క స్కాలరు వెంట ఇంత పని వస్తుంది. థీసిస్ రావాలంటే పరిశోధన చేయించే గైడు ఉండాలి. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ నిబంధన ప్రకారం ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఓయూలో రెగ్యులర్ అధ్యాపకులను చివరిసారి తీసుకున్నది 2013లో. అప్పటి నుంచి రిటైరయ్యేవాళ్లే తప్ప వచ్చేవాళ్లు లేరు. ఒక సారు శాలువా కప్పించుకుని ఇంటికి పోయినప్పుడల్లా మా ఆర్డర్ల పుస్తకంలో ఎనిమిది పేర్లు పోయినట్టే. డిపార్ట్‌మెంట్లలో ఖాళీల గురించి మీరు పేపర్లో చదువుతారు, మేం గల్లాపెట్టెలో చూస్తాం.

2024 మే నెలలో వైస్ చాన్సలర్ (వీసీ) పదవీకాలం అయిపోయాక కొన్ని నెలలు ఐఏఎస్ అధికారి ఇన్‌ఛార్జిగా ఉన్నారు. అక్టోబరులో ప్రభుత్వం తొమ్మిది యూనివర్సిటీలకు ఒకేసారి వీసీలను వేసింది. ఓయూకు వచ్చిన ప్రొఫెసర్ కుమార్ మొలుగరం బయటి మనిషి కాదు, ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలోనే సివిల్ చెప్పిన సారు. దాంతోనే అన్నీ మారిపోతాయని నేను అనను. 1918 నుంచి ఉన్న యూనివర్సిటీ, ఎంతమంది వీసీలను చూసి ఉంటుందో. అయినా ఆ తర్వాత వరుసగా జరిగినవి చూస్తే దుకాణదారుడిగా నాకు కొంత ధైర్యం వచ్చింది.

2025 జనవరిలో యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంటు వయసును 60 నుంచి 65కు పెంచారు. వెళ్లిపోవాల్సిన గైడ్లు ఉంటారు, నా బైండింగు నడుస్తుంది. కానీ లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్షలైన నెట్, సెట్ పాసై కాంట్రాక్టు జీతంతో ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు కూడా నా గిరాకీలే. ఆ జీవో వచ్చిన వారం వాళ్ల ముఖాలు చూస్తూ సంతోషంగా ఉందని ఎలా అనగలను? అదే ఏడాది అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు మార్గదర్శకాలు వచ్చాయి. ముందు మమ్మల్ని రెగ్యులర్ చేయండని కాంట్రాక్టు అధ్యాపకులు సమ్మెకు దిగారు. ఆ చిక్కు తీరి నియామకాలు జరిగితేనే నేను నిజంగా నమ్ముతాను.

మిగతావి మీకు తెలిసినవే. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో, విశ్వవిద్యాలయాల జాబితాలో 2024లో 43వ స్థానంలో ఉన్న ఓయూ 2025లో 30కి వచ్చింది. ఆగస్టులో కొత్త హాస్టళ్లు తెరిచారు. డిసెంబరులో ముఖ్యమంత్రి ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. ఆ అంకె చూసి నేనైతే కొత్త మెషీను కోసం లోను తీసుకోలేదు. పాత రెండు మెషీన్లకే సర్వీసింగ్ చేయించాను.

నచ్చని సంగతీ ఒకటుంది. 2025 మార్చిలో క్యాంపస్‌లో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ వచ్చింది. కరపత్రాలు వేసేవాడు కాబట్టి అలా అంటున్నాడని మీరు నవ్వొచ్చు. తెలంగాణ ఉద్యమంలో ఆర్ట్స్ కాలేజీ మెట్లను చూసినవాడిని, నాకది మింగుడుపడలేదు.

ఇక మన సంగతి. నలుపు తెలుపు ప్రింటు రేటు పెంచట్లేదు. రెగ్జిన్, బంగారు అక్షరాలకు వాడే రేకు ధరలు పెరిగాయి కాబట్టి హార్డ్ బైండింగ్‌కు వచ్చే నెల నుంచి కొంచెం ఎక్కువ పడుతుంది. కొత్త రేటు కౌంటరు మీద అతికించాం. విద్యార్థి సంఘాలకు ఉద్దెర బంద్, ఏ జెండా అయినా సరే. ఫెలోషిప్ రాని స్కాలర్లకు మాత్రం పాత పద్ధతే: సగం ముందు, మిగతాది వైవా అయ్యాక. తెలుగు శాఖవాళ్ల పాత ‘అను’ ఫాంట్ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాం, కానీ ఒత్తులు, అరసున్నలు మీరే చూసుకోవాలి. సబ్మిషన్ ఆఖరి వారంలో రాత్రి పదకొండు దాకా ఉంటాం.

బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు అట్ట మీద రావాల్సిన పేర్లు కాగితం మీద రాసి సంతకం పెట్టండి. గైడు పేరు ముందు డాక్టరా, ప్రొఫెసరా అన్నది ఆయన్నే అడిగి రండి. బంగారు అక్షరాలు ఒక్కసారి పడ్డాక గీకడం కుదరదు.